నాలుగోసారి చన్నీళ్ళు

మియావో చున్‌శ్యాంగ్ మా బడి వంటమ్మ. నలభై ఏడేళ్ళు. మొగుడు సొరంగం పనిలో పోయిన దగ్గర్నుంచీ ఒంటి మనిషి. మధ్యాహ్నం గిన్నెలు కడిగేసి, తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి నా తొమ్మిదో తరగతి చివరి బెంచీలో కూర్చునేది.

వేసవి సెలవుల తర్వాత వంటశాల మూసేస్తున్నారు. హాస్టల్లో ఆడపిల్లల్ని చూసుకునే ఉద్యోగం ఒకటుంది గానీ, దానికి తొమ్మిది పాసైన పత్రం కావాలి. ఆ పత్రం కోసం పెద్దవాళ్ళకు పెట్టే చైనా భాష పరీక్ష ఆమె రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ముంచింది ఒక్కటే, కథ చదివి ప్రశ్నలకు జవాబు రాయడం. ఈసారీ తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

"మూడో పేరాలో వాన ఎందుకు కురిసింది?" అంటే "మబ్బు పట్టింది గనక" అని రాసే మనిషి. నాకు ఒళ్ళు మండేది.

"ఏం మనిషివమ్మా నువ్వు! వాన అంటే పాత్ర మనసులో దిగులు, రాబోయే కథకు సూచన. ఈ రెండు ముక్కలు రాసి చావు. దిద్దేవాళ్ళు ముక్కలు చూసి మార్కులేస్తారు, నీ మొహం చూసి కాదు."

"సరే టీచరమ్మా. దిగులు, సూచన" అని వేళ్ళు మడిచేది.

"అత్తా, కూరలో ఉప్పెక్కువైతే అదీ దిగులేనా?" అని పిల్లలు ఆటపట్టించేవాళ్ళు.

"కాదురా, నీ నోటి పొగరు" అని నవ్వి, మళ్ళీ రాసుకునేది. ముల్లంగి తరుగుతూ జవాబులు వల్లించేది. నా సూత్రాలన్నీ వంటింటి తలుపుకు అతికించుకుంది. ఆ పట్టుదల చూస్తే నాకే సిగ్గేసేది.

పరీక్ష రోజు నేను గేటు దగ్గరే నిలబడ్డాను. బయటికి రాగానే అడిగాను, "ఏ కథ ఇచ్చారు?"

"మొగుడు ఊరెళ్తుంటే పెళ్ళాం జియావోజీలు, అదే లోపల కూర పెట్టిన పిండి కుడుములు, వండిపెట్టే కథ. నాలుగోసారి చన్నీళ్ళు ఎందుకు పోసింది అని నాలుగు మార్కుల ప్రశ్న."

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇంకేం! మొగుడి మీద శ్రద్ధ, పనిలో ఓర్పు అని రాశావా?"

"లేదు. జియావోజీలు ఉడికేటప్పుడు మరుగుతున్న కుండలో చన్నీళ్ళు మూడుసార్లే పోయాలి. నాలుగోసారి పోస్తే పొరలు పగిలి లోపలి కూరంతా బయటికొస్తుంది. అది ఆవిడకీ తెలుసు. ఉడకడం ఆలస్యమైతే ఆయన ఇంకాసేపు ఉంటాడని పోసింది, అని రాశాను."

"అయ్యో నా రాత! ఇన్నాళ్ళు వల్లించి, ఆఖరికి నీ వంటింటి తెలివే చూపించావా?"

"మిగతావన్నీ మీరు చెప్పినట్టే రాశాను. ఇది మాత్రం అబద్ధం రాయలేకపోయాను. ఉద్యోగం పోతే పోనీ, మళ్ళీ రాస్తా."

ఆ కోపంతో నేను వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఫలితాలొచ్చాయి. గట్టెక్కడానికి అరవై కావాలి, ఆమెకు సరిగ్గా అరవై. పరీక్షవాళ్ళు అచ్చేసిన జవాబుల్లో ఆ ప్రశ్నకు శ్రద్ధ, ఓర్పు అనే ఉంది. అంటే ఆ నాలుగు మార్కులు పోగొట్టుకునే పాసైంది, మొండిది! సంతోషం పట్టలేక వంటింటికి పరిగెత్తాను.

"అచ్చులో నా జవాబే ఉంది చూశావా? మరి నువ్వంత ఖాయంగా ఎలా రాశావు?"

ఆమె గరిటె పక్కన పెట్టింది.

"మా ఆయన ఆఖరిసారి సొరంగం పనికి వెళ్ళిన రోజు నేను అయిదుసార్లు పోశాను, టీచరమ్మా. అన్నీ పగిలిపోయాయి. ఆ జావే ఊడ్చుకు తిని రైలందుకున్నాడు."