కలకండ కరిగేదాకా

కోయంబత్తూరులో మా వీధి చివరి అంగట్లో మొన్న తాటి కలకండ అడిగితే మూత బిగించిన డబ్బా ఒకటి చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి తెరిచి చూస్తే అన్నీ ఒకే కొలత ముక్కలు, తేనె రంగులో నిగనిగలాడుతున్నాయి, ఒక్కదాంట్లోనూ దారం లేదు. మా చిన్నప్పటి కలకండ తాటి పాకంలో వేలాడదీసిన నూలుదారం చుట్టూ గడ్డకట్టేది, తీపంతా కరిగిపోయాక ఆ దారం నాలుక మీద మిగిలేది, దాన్ని బయటికి తీసి అందరికీ చూపించేదాకా మా ఇంట్లో ఫోటో తీసిన మనిషికి నోరు విప్పే హక్కు ఉండేది కాదు. ఈ సంగతి ఇప్పుడెందుకంటే, ఈ నెలలో నాకు ఒళ్ళు మండిపోయే పని ఒకటి జరిగింది.

మా చిన్నప్పుడు మదురైలో ఆదివారం మధ్యాహ్నం, ఎంగిలాకులు ఎత్తేసి తిన్నె కడిగి, తడి ఆరీ ఆరకముందే కోరచాప పరిచేవాళ్ళు. చాప చుట్టూ ముగ్గురు చేరేవాళ్ళు. వారమంతా టెలిఫోన్ ఆఫీసులో కూర్చుని ఊళ్ళోవాళ్ళ మాటలు ఊళ్ళోవాళ్ళకు కలిపే మా రంగనాయకి అత్త, అంటే నాన్న చెల్లెలు, ఆ కూటానికి పెద్ద. నూలు అంగడి చూసుకునే చిన్నాయన, అంటే నాన్న తమ్ముడు, రెండోవాడు. మూడోవాడు బస్సు డిపోలో ఇంజన్లు విప్పే దేవసహాయం మామ, మాకు చుట్టం కాదు, ఆయనది వేరే వీధి, వేరే దేవుడు, కానీ ఇంట్లో మాలాగే తెలుగు, సందు దాటితే తమిళం. దీపావళికి మా ఇంటి పళ్ళెం వాళ్ళింటికి వెళ్ళేది, క్రిస్మస్‌కు వాళ్ళింటి అచ్చు మురుకులు డబ్బానిండా మా ఇంటికి వచ్చేవి. ముగ్గురిలో ఎవరూ ఫోటోలతో బతికినవాళ్ళు కారు, ముగ్గురికీ అదే పిచ్చి.

చింతపండు జాడీలు, బియ్యం మూటలు ఉండే కొట్టుగదిలోనే అత్త ఫోటోలు కడిగేది. కిటికీకి గోనెపట్టా కట్టి, ఎర్ర బల్బు వెలిగించి, మూడు సత్తు పళ్ళేల్లో మందు నీళ్ళు పోసి ఆమె కాగితాన్ని అటూ ఇటూ ఊపుతుంటే, చింతపండు పులుపూ మందు పులుపూ కలిసిపోయి ముక్కు అదిరేది. తెల్ల కాగితం మీద ముందు ఒక కొండ గీత, తరవాత ఒక కావడి, ఆ తరవాత పళనికి నడిచిపోయేవాళ్ళ పగిలిన పాదాలు మెల్లగా పైకి తేలడం నేను ఆ గదిలోనే చూశాను. ఆడి నెల, అంటే ఆషాఢం, గాలికి వీధి దుమ్మంతా ఇంట్లోకి వచ్చేది గనక ఆ నెలంతా ఫోటోలు దండెం మీద కాక మా అవ్వ పెట్టెలో పాత చీరల మడతల మధ్య ఆరేవి. పండుగకు చీర విప్పితే ఎవరిదో మొహం జారి కింద పడేది, అవ్వ తిట్టుకుంటూ ఏరి ఇచ్చేది.

చాప మీద ఫోటో పెట్టగానే, తీసినవాళ్ళ నోట్లో అత్త ఒక కలకండ ముక్క పెట్టేది. అది కరిగి దారం చూపించేదాకా వాళ్ళు వినాలి, మిగతావాళ్ళు చెప్పాలి. కొరికితే మోసం, చప్పరిస్తే మరీ మోసం. వేలు ఫోటో మీద ఆనకుండా కొంచెం పైన నిలిపి, ఫలానా చోట నాకు ఇది కనపడింది, ఫలానా చోట ఇది కనపడలేదు అని చెప్పాలి. బాగుంది అనే మాట చెల్లదు. చిన్నాయన ఒకసారి పొరపాటున అనేశాడు.

"బాగుండాది అనేదానికి కన్ను దేనికి, రొంబ సులభం," అంది అత్త. "ఏం సూసినావో అది చెప్పు."

అన్నిటికంటే గట్టి నియమం ఇంకొకటి ఉండేది. నోటితో ఎంతైనా దిద్దు, చేత్తో దిద్దకు. దేవసహాయం మామ తీసిన మేలూరు బండల ఫోటోలో ఆకాశం బోడిగా ఉందని చిన్నాయన సరదాకి పెన్సిల్‌తో ఒక మబ్బు గీస్తే, అత్త ఆ ఆడి మాసమంతా తోడబుట్టినవాడితో మాట్లాడలేదు. ఆమె అన్నం వడ్డించేది, ఆయన తినేవాడు, మధ్యలో మా అవ్వ దుబాసీ పని చేసేది.

నాకు పదేళ్ళప్పుడు అత్త తన కెమెరా ఇచ్చింది. ఐప్పశి నెల వానలు పడుతున్నాయి, దీపావళి ముందురోజు, అవ్వ కజ్జాయాలు వేస్తోంది. అరిసెలనే మా ఇళ్ళల్లో కజ్జాయాలంటాం. బెల్లం పాకం వాసన, తడి కట్టెల పొగ, ఆ పొగలో అవ్వ మొహం చూసి నేను బటన్ నొక్కాను. ఆదివారం నా ఫోటో చాప మీదికి వచ్చింది, నా నోట్లోకి కలకండ వచ్చింది. అంతా మురిసిపోతారనుకున్నాను. దేవసహాయం మామ చాలాసేపు చూసి, వేలు కింది అంచు మీద నిలిపాడు.

"అవ్వ మొగం ఉండాది, సరి. కజ్జాయం ఒత్తే చేతులు ఏడ పోయె పాప?"

నిజమే, రెండు గరిటెల మధ్య కజ్జాయాన్ని ఒత్తి నూనె కార్చే ఆ చేతులు మణికట్టు దగ్గర తెగిపోయాయి. నాకు ఏడుపు, కోపం, నోట్లో తీపి, మూడూ ఒక్కసారే. కొరికి పారేసి పోట్లాడదామనుకుంటే అత్త ముద్దుగా నా గడ్డం పట్టుకుంది.

"కొరకద్దు కణ్ణు. తానే కరగల్ల."

కరిగేసరికి పోట్లాడాలన్న ఆవేశం కూడా కరిగింది. పదేళ్ళ పిల్ల తీసిన ఫోటోను ముగ్గురు పెద్దవాళ్ళు అంతసేపు చూశారు. ఇప్పుడు అంతసేపు ఎవరు చూస్తున్నారు?

ఇప్పుడు నేనున్నది ఫోన్‌లో ఒక ఫోటోల గుంపులో. వందలమంది ఉన్నారు, ఒక్కొక్కరి దగ్గర మా తిన్నె అంత పొడుగు లెన్సులు ఉన్నాయి. ఫోటో పెట్టి చెయ్యి వెనక్కి తీసుకునేలోపే సూపర్ మేడమ్, చప్పట్లు, పువ్వులు, దణ్ణాలు. పెళ్ళిలో అక్షింతలు కూడా ఇంకాస్త గురి చూసి వేస్తారు. ఈ నెలలో నేను మా అత్త ఫోటో పెట్టాను. ఆమె ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది, ఎనభై దాటింది, ఫోటోలో మా పెరటి గుమ్మంలో కూర్చుని చిన్న ఉల్లిపాయలు ఒలుస్తోంది. జీవితమంతా ఎడమ కన్ను మూసి కుడి కంటితో కెమెరాలోంచి చూసినందుకు ఆమె ఎడమ కన్ను చిన్నదై, చుట్టూ ముడతలు సాలెగూడులా అల్లుకున్నాయి. నేను ఫోటో తీసింది ఆ కన్ను కోసమే.

గుంపు నడిపే పెద్దమనిషి దాన్ని సరిచేసి మళ్ళీ పెట్టాడు. నన్ను అడగలేదు. నల్లటి మా అత్తను గోధుమరంగు చేశాడు, ముడతలు ఇస్త్రీ చేశాడు, రెండు కళ్ళూ ఒకే సైజు చేశాడు. ఈ వారం మేటి ఫోటో అని పేరు పెట్టాడు, నా పేరే వేశాడు, జనం విరగబడి మెచ్చుకున్నారు. ఇది మా అత్త కాదు, తీసెయ్యండి అని రాస్తే, పాజిటివ్‌గా తీసుకోండి మేడమ్, ఇక్కడ అందరం నేర్చుకోవడానికే ఉన్నాం అని జవాబు. ఏం నేర్చుకోవాలి నేను? ఒక మనిషి అరవై ఏళ్ళు చూసి చూసి సంపాదించుకున్న కన్నును వేలితో తుడిచెయ్యడమా? మబ్బు గీసినందుకు నెల్లాళ్ళు మాట మానేసిన మనిషి మొహం మీదే ఈ పని చేశారే అని నాకు ఆ పూట అన్నం సహించలేదు.

ఫోన్ తీసుకెళ్ళి అత్తకు చూపించాను. ఆమె చేయి చాచి దూరంగా పెట్టుకుని చూసింది. తాకితే బొమ్మ జరుగుతుందని ఆమెకు తెలియదు, అయినా పాత అలవాటున వేలు పైనే నిలిపింది.

"ఈ కన్ను నాది కాదే," అంది. "ఎవురిదో పాపం, ఇంగా ఏమీ సూడలేదు ఇది."

"నేను తీసింది ఇదీ అత్తా, చూడు, వాళ్ళు ఎట్ల చేసినారో," అని అసలు ఫోటో తెరిచి నా కోపమంతా వెళ్ళగక్కబోయాను. ఆమె చేయెత్తి ఆపింది.

"ముందు పనంకల్కండు ఏసుకో."

డబ్బాలోంచి ఒక కలకండ ముక్క తెచ్చి నోట్లో వేసుకుని ఆమె ముందు నేలమీద కూర్చున్నాను. చిన్నాయన లేడు, దేవసహాయం మామ లేడు, మా తిన్నె కొట్టేసి అక్కడ ఇనప షట్టర్ బిగించారు, కోరచాప ఏమైందో ఎవరికీ తెలియదు. అత్త మాత్రం నా ఫోటోను చూస్తోంది, వందలమంది అంతా కలిసి చూసినదానికంటే ఎక్కువసేపు చూస్తోంది. ఎడమ కన్ను దానంతటదే మూసుకుంది. వేలు మెల్లగా కిందికి దిగి అంచు మీద నిలిచింది.

"కన్ను సరి. మొగం సరి. ఎర్గడ్డ ఒలిచే చేతులు ఏడ్నే పాప? మళ్ళా నరికినావే."

చూశాను. రెండు చేతులూ మణికట్టు దగ్గర ఆగిపోయాయి. అంతమంది మెచ్చుకున్నారు, ఒక్కరికీ కనపడలేదు, నాకూ కనపడలేదు. గుమ్మం ఇరుకని, వెనక గోడ ఉందని, వెనక్కి జరగడానికి చోటు లేదని చెప్పుకోవడానికి నా దగ్గర చాలా ఉంది, అత్త కూడా నా వంతు కోసం ఆగి చూస్తోంది. కలకండ ఎప్పుడో కరిగిపోయింది. బయటికి తీసి చూపిద్దామంటే నాలుక మీద దారం లేదు. నోరు మూసుకునే కూర్చున్నాను.