కాదనేవాళ్లు లేని శుక్రవారం

ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్పు దగ్గరపడుతున్న రోజుల్లో నేను అక్కడి బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంపులో ఉండేవాణ్ణి. సైట్‌లో స్టీలు లెక్క నాది. ఏ స్లాబుకు ఎంత ఇనుము పడుతుందో ఎవరూ నేర్పలేదు, చూసి చూసి పట్టుకున్నాను. మా గదిలో షట్టరింగు పని చేసే ఒకతను ఊళ్లో విద్యా వాలంటీరుగా తెలుగు చెప్పి వచ్చాడు. అందరం సార్ అనేవాళ్లం.

శుక్రవారం భోజనాలయ్యాక సార్ ఒక కథ మొదలుపెట్టి మధ్యలో ఆపేవాడు. అలా ఎందుకు జరిగిందని అడిగేవాడు. తోచింది చెప్పాలి, పక్కవాడు కాదనాలి, ఆ వాదనలోంచి వచ్చే వారం కథ నడవాలి.

ఒకసారి, బావి దగ్గర ఒకామె ఎంత తోడిపోసినా బిందె నిండడంలేదన్నాడు. చిల్లుందని వెంటనే చెప్పాను. పోసినంతా కారితే ఎప్పటికీ నిండదని లెక్క కూడా చూపించాను.

సార్ నవ్వాడు. "నీ లెక్క తప్పు కాదన్నా. చిల్లున్నదంటే కథ ఇయ్యాల్నే అయిపోతది. వచ్చే శుక్రారం దాక నడవాలె గద."

కింది మంచం మీది హైదరాబాదు డ్రైవరు లేచి కూర్చున్నాడు. "చిల్లు గిల్లు ఏం లేదు భాయ్. ఆమెకే ఇంటికి పోబుద్ధి అయితలేదు. ఇంట్ల అత్త ఉన్నది గద."

గదంతా నవ్వింది. చాలా వారాలు ఆ బిందె మీదే కొట్లాడుకున్నాం. లెక్కకందని కారణాలు నాకూ తోచసాగాయి.

తర్వాత పనులు ఒక్కొక్కటే ముగిశాయి. మ్యాచులు మొదలవకముందే కంపెనీ మనుషుల్ని ఇళ్లకు పంపడం మొదలుపెట్టింది. సార్ వంతు వచ్చింది. మళ్లీ బడికి పోవచ్చు కదా అన్నాను.

బట్టలు మడతపెడుతూనే చెప్పాడు. "ఏ బడి అన్నా? పిల్లలు లేరని మూసేసిండ్రు. మళ్ల నేను సార్‌ను అయింది ఈ గదిలనే." పెట్టె మూస్తూ, "శుక్రారం కథ ఆపకుండ్రి. నువ్వడుగు," అన్నాడు.

సరేనన్నాను.

సార్ వెళ్లాక వచ్చిన శుక్రవారానికి గదిలో నలుగురం మిగిలాం. బిందె ఎందుకు నిండడంలేదని అడిగాను. డ్రైవరు ఫోను పక్కనపెట్టి మెల్లగా అన్నాడు: "నువ్వడిగితే సైట్‌ల లెక్క అడిగినట్టున్నది భాయ్. జవాబు నీ దగ్గర ఉన్నట్టే ఉంటది."

ఇంకోలా అడిగి చూశాను. ఒకతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంకొకతను ఇంటికి పోయే టికెట్టు సంగతి ఎప్పుడు తెలుస్తుందో అన్నాడు. చివరికి, వీళ్లు కోపమొచ్చైనా కాదనాలని, బిందె ఎప్పుడో నిండిందనీ, సారే చూసుకోలేదనీ అన్నాను.

ముగ్గురూ అవునన్నారు.