మేడం గారి ఉలవచారు

దేశ రాజధానిలోని ద్వారకలో మా సొసైటీ లిఫ్టులో ఫ్యాను తిరగదు. ఎన్నిసార్లు చెప్పినా సెక్రటరీ గారు "అచ్ఛా" అంటారు. ఫ్యాను మాత్రం ఒప్పుకోదు. దాని పుణ్యమా అని ఎవరింట్లో ఏం వండినా ఆ వాసన మాతోపాటు పై అంతస్తుదాకా వస్తుంది. నిన్న ఎవరో ఉలవలు ఉడకబెట్టారు. లిఫ్టు పైకి చేరేసరికి నేను రేవాడీ దగ్గరి ఇసుక నేలల్లో, సుభద్ర మేడం వెనకాల కుక్కరు మోసుకుంటూ నడుస్తున్నాను.

మేడం మా ప్రాజెక్టు అధికారి. అనంతపురం మనిషి. బోరు నీళ్ళందని పొలం చెక్కల్లో, వాన మొహం చాటేసినా నిలబడే ఉలవను వేయించడం, దాన్ని అక్కడివాళ్ళ కంచాల్లోకి చేర్చడం మా పని. ఆ వానాకాలం మేం మొదట వెళ్ళిన ఊళ్ళో ఎవరూ విత్తకపోతే ప్రాజెక్టు మూతపడుతుంది. కాంట్రాక్టు ఉద్యోగిని కనుక దాంతోపాటు నేనూ మూతపడతాను.

రైతులు గింజల్ని అరచేతిలో మర్యాదగా తిప్పి చూశారు. "మేడంజీ, ఇది గుర్రాల దాణా కదా!" అన్నాడొకాయన.

"గుర్రం ఎప్పుడైనా ఫిర్యాదు చేసిందా భయ్యా?" అని మేడం ఆయన వాకిట్లోనే పొయ్యి వెలిగించారు.

ఆవిడ కాచిన చారు గురించి ఎక్కువ చెప్పను. రుచి చూసినవాళ్ళు చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. ఊరంతా తాయీ అని పిలిచే పెద్దావిడ మాత్రం లేచి, "హటో మేడంజీ, ఆ గరిటె ఇటివ్వు" అంది. మేడం వెంటనే ఇచ్చేశారు. కుక్కర్లో మిగిలిన ఉలవల్లో దంచిన సజ్జలు పోసి, కిచిడీ చేసి, తాయీ దానిమీద నెయ్యి కుమ్మరించింది. అడుగు గీకే హక్కు ఎవరిదన్న దగ్గర తగువు కూడా వచ్చింది. సాయంత్రానికి తాయీ కొడుకు విత్తనాల సంచి భుజానికెత్తుకున్నాడు. అతన్ని చూసి పక్క పొలాలవాళ్ళూ అడిగారు.

తిరిగొస్తూ మేడం, "గింజ మనది ఇయ్యొచ్చు గానీ, వంట మనది రుద్దగూడదప్పా" అన్నారు. చారును కావాలనే చెడగొట్టారని నాకప్పుడు వెలిగింది. తర్వాతి ఊళ్ళలోనూ అదే వరస: చారు, వాతావరణం, గరిటె, విత్తనం. ఇప్పుడు నేను వెళ్ళే ఊళ్ళలోనూ గింజకంటే ముందు గరిటె అప్పగిస్తాను.

పంట ఇళ్ళకు చేరాక మేడం జనక్‌పురిలోని తమ ఇంటికి భోజనానికి పిలిచారు. ఆవిడ వంటింట్లో ఉండగా, ఆ వ్యూహం ఎంత గొప్పదో ఆవిడ భర్తకు వివరించి చెప్పాను. ఆయన నా కంచంలోని చారు వంక జాలిగా చూశారు.

"వ్యూహమూ లేదు, పాడూ లేదప్పా. ఆమెకు వంట రాదు."