రోజుకు మూడు పూటలా ఒడియా

కరోనా తగ్గి బడులు మళ్లీ తెరిచిన ఏడాది నన్ను టెక్కలిలో ఒక ఆసుపత్రికి ఆడియాలజిస్టుగా వేశారు. చెవి ఎంత వింటుందో కొలవడం, మాట రానివారికి మాట నేర్పడం మా పని. హోదాలో ఎక్స్‌రే గదికి కింద, మందుల కౌంటరుకు కాస్త పైన ఉంటాం. సూది గుచ్చం కాబట్టి రోగులు మమ్మల్ని డాక్టర్ల కింద జమకట్టరు.

ఆ వానాకాలంలో కంచిలి వైపు నుంచి ధర్మారావు అనే కొబ్బరి రైతు భార్య సుభద్రనూ, ఐదేళ్ల కూతురు మమతనూ తీసుకొచ్చాడు. కొన్ని నెలలుగా పిల్ల నోరు విప్పడం లేదు. చెవుడో బుద్ధిమాంద్యమో తేల్చుకురమ్మని, లేదంటే ప్రత్యేక బడిలో వేసుకోమని పిల్ల చదివే ఇంగ్లీషు మీడియం బడివారు చెప్పారట. యూకేజీ పిల్ల మెదడు మీద తీర్పు చెప్పిన ఆ ప్రిన్సిపాల్ గారు బీకాం అని తర్వాత తెలిసింది.

చిన్నపిల్లలకు పరీక్ష ఆటలాగే ఉంటుంది. చప్పుడు చొరబడని గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా గిన్నెలో పూస వేయమంటాం. మమత ఒక్క పూసా తప్పలేదు. గుసగుసకన్నా సన్నని శబ్దానికి కూడా పూస పడింది. నా చెవులకన్నా ఆ చెవులే నయం.

ఇంట్లో ఏ భాష అని అడిగితే ధర్మారావు గర్వంగా తెలుగేనన్నాడు. సుభద్ర తల వంచుకుంది. మా వైపు సరిహద్దు అవతల ఒడిశా నుంచి కోడళ్లను తెచ్చుకోవడం కొత్తేమీ కాదు. ఆమెకు వచ్చిన తెలుగు సంతలో బేరానికి సరిపోతుంది, పిల్లకు కథ చెప్పడానికి చాలదు.

నేను గుచ్చిగుచ్చి అడిగాక ధర్మారావు అసలు సంగతి చెప్పాడు. “ఒడియా వల్ల పిల్ల బుర్ర గజిబిజి అవుతాదని బడోళ్లు సెప్పినారు బాబూ. దీనికి తెలుగు సరిగ్గా రాదు. మరేటి సేత్తాం, పిల్ల కాడ మాటాడకు అన్నాను.”

అప్పటి నుంచి ఆమె పిల్లతో మాట్లాడనే లేదు. పథ్యాన్ని అంత నిష్ఠగా పాటించినవాళ్లను నా సర్వీసులో మరెక్కడా చూడలేదు. తండ్రి పొద్దస్తమానం తోటలో ఉంటాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చదువు చెప్పలేని బడి తల్లి నోటిని తప్పుబట్టింది. నాకు ఒళ్లు మండింది.

సుభద్రను కూడా ఆ గదిలోకి పంపాను. మాది ఇచ్ఛాపురం కాబట్టి నాకు సగం సగం ఒడియా వచ్చు. బయట నేనూ మీ ఆయనా తప్ప ఎవరూ వినరు, పిల్లతో నీకు తోచింది మాట్లాడమన్నాను. ఆమె రెండుసార్లు తలుపు వైపు చూసి, మెల్లగా ఏదో అడిగింది. మమత, తల్లి పెదవుల మీద చెయ్యి పెట్టి చూసింది. తర్వాత పిల్ల మొదలుపెట్టింది: బడి బస్సు, పూసలు, ఇంటి వెనక కోడిపెట్ట, అంతా ఒడియాలో, మధ్యమధ్య తెలుగు కలిపి. ఆపడం మా తరం కాలేదు.

బయట స్పీకరు దగ్గర నిలబడ్డ ధర్మారావు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “పిల్ల గొంతు ఇని ఎన్నాళ్లయిందో బాబూ,” అన్నాడు.

ఒక భాష తిండి రెండో భాష లాక్కోదనీ, ఇంటి భాష గట్టిపడిన పిల్ల దాని ఆసరాతోనే మిగతావి నేర్చుకుంటుందనీ వివరించాను. అంతా విని, కాగితం మీద రాసిమ్మన్నాడు. మన దేశంలో చీటీ లేని సలహా వైద్యం కాదు. రాశాను: “ఒడియా, తల్లి నోటితో, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి. ఆపరాదు.” ముద్ర కూడా వేశాను.

నాలుగు రోజులకు ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి, అదే మోతాదు ఇంగ్లీషులో ఇవ్వొచ్చా అని ఎంతో మర్యాదగా అడిగారు. తమరే మూడు పూటలా వెళ్లి, ఇంగ్లీషులో అన్నం తినిపించి పడుకోబెడితే నాకు అభ్యంతరం లేదన్నాను. ఆయనకు తీరిక లేదట. ప్రత్యేక బడి మాట మళ్లీ ఎత్తలేదు.

చలికాలంలో ముగ్గురూ మళ్లీ వచ్చారు. క్లాసులో కబుర్లు ఎక్కువయ్యాయని బడి నుంచి కొత్త ఫిర్యాదు, అదీ మూడు భాషల్లోనట. నేను సుభద్రను ఒడియాలో ఏదో అడిగితే ఆమె జవాబిచ్చింది. మమత తండ్రి చొక్కా లాగి, “నీకు రాదు గదా నాన్నా, అమ్మేటందో నాను సెప్తాను,” అంది. ధర్మారావు బుద్ధిగా వంగి విన్నాడు.

పరీక్షకు ముందు మేము నింపే వివరాల్లో ఇంటి భాష ప్రశ్న అట్టడుగున ఉండేది. ఆ తర్వాత దాన్ని మొదటికి తెచ్చుకున్నాను. తల్లి పిల్లతో మాట్లాడదని జవాబు వస్తే, వద్దన్నది ఎవరని కూడా అడగాలని అప్పుడే నేర్చుకున్నాను.