మామగారు తాగేసిన కోట

ఆ ఇంట్లో గోడ క్యాలెండర్‌లో రోజుకో కాగితం చింపే హక్కు పెద్దాయన స్తమెన్‌ది. ఆయన తెల్లవారగానే లేచి, వంటింటి మేకుకు వేలాడే క్యాలెండర్‌లోంచి ఆనాటి కాగితం సర్రున లాగి, అందులో తన పొగాకు పోసి చుట్టి, పొయ్యి నిప్పుతో అంటించుకునేవాడు. కాగితం పలచన, చక్కగా కాలుతుంది. దాని వెనక ఏం రాసి ఉందో ఆయనకు అక్కర్లేదు.

కోడలు సెవ్దాకు ఆ వెనకవైపే బడి. పొగాకు పనికి చేతులు చాలడం లేదని ఏడో తరగతి మధ్యలో తండ్రి ఆమెను చదువు మాన్పించాడు. ఈ రొడోపీ కొండల ఊరికి కోడలిగా వచ్చాక ఆమె చదువంతా అరచేతిలో ఇమిడే ఆ కాగితం మీదే సాగుతోంది. ఒక కొత్త మాట, దాని అర్థం. ఒక చరిత్ర ముక్క. అడుగున ఏదో ఒక వింత. మామగారు లేవకముందే వెళ్లి, కాగితాన్ని మేకు మీదే పైకెత్తి చదివేసేది. ముందురోజే చూద్దామంటే కుదరదు. రేపటి కాగితం ఇవాళ ఎత్తితే ఇంట్లో ఎవరికో ఒకరికి ఆయుష్షు తగ్గుతుందని అత్త గానా నమ్మకం. ఆ మేకు మీద ఆవిడ ఎప్పుడూ ఒక కన్ను వేసి ఉంచేది.

నేర్చుకున్న మాట ఊరికే ఉండనివ్వదు. ఒకసారి చేను చివరి నీటి ధార దగ్గర సెవ్దా నోరు జారి, "ఇది మన ఒయాసిస్సు" అంది. అప్పటినుంచి ఆకు కోసే ఆడవాళ్లందరికీ ఆమె పేరు అదే. "ఏమే ఒయాసిస్సూ, ఇంకో గంప తే!" ఆమె తల దించుకుని తెచ్చేది. వాళ్లకు ఎదురు చెప్పిన మనిషి కాదు.

ఆ వేసవిలో ఒక రోజు కాగితం వెనక ఒక కొండకోట కథ వచ్చింది. శత్రువులు చుట్టూ దిగారు. లోపల బావి ఎండిపోయింది. పిల్లలు గోడల మీది మంచును నాలుకతో అద్దుకుంటున్నారు. ఆడవాళ్లు జడలు కోసి విళ్లకు అల్లెతాళ్లు పేనుతున్నారు. అక్కడికి చోటు అయిపోయింది. చివర 'మిగతాది రేపు' అని ఉంది. సెవ్దా ఆ రోజంతా దబ్బనంతో పొగాకు దండలుగా గుచ్చుతూ ఆ పిల్లల గురించే ఆలోచించింది.

మర్నాడు ఆమె లేచేసరికి మేక తాడు తెంపుకుని పోయింది. అత్త వెతకమని పంపింది. మేకతో తిరిగొచ్చేసరికి మేకు మీద ఆనాటి కాగితం పోయి, మరుసటి తేదీ కనబడుతోంది. గుమ్మంలో మామగారు పొగ వదులుతున్నాడు.

"మావయ్యా, అది... చదివారా?"

"ఏది?"

"మీ నోట్లో ఉన్నది."

"పొగాకును చదవడమేంటే పిచ్చిదానా, తాగాలి గాని!"

"కోట నిలిచిందా, పడిందా? దాని మీద రాసి ఉంది."

ఆయన చివరి దమ్ము లాగి, మొదలును చెప్పు కింద నలిపాడు. "పడిందనుకో. పడితే మన ఆకు ఎండదా? పద, దండలు కట్టు."

ఆమె దండలు కట్టలేదు. కోసి తెచ్చిన ఆకు కుప్పను అలాగే వదిలేసి, తలగుడ్డ బిగించుకుని వీధిలోకి నడిచింది. ఊళ్లో ఇంటింటికీ అదే క్యాలెండర్. ఎవరింట్లోనైనా ఉండకపోతుందా?

పక్కింటి దోంకా దాంతో పొయ్యి రాజేసింది. "అయ్యో, కాగితం కావాలంటే రాత్రే చెప్పొద్దూ!" సహకార సంఘం కాపలాదారు వుల్కో దాంతో గడ్డం కత్తి తుడిచాడు. నురగలో అక్షరాలు కరిగిపోయాయి. చివరికి ఊరి చదువుల ఇంటికి వెళ్లింది. అక్కడ పుస్తకాలకు కాపలా ఉండే పావ్లీనా పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ కూర్చుంది.

"అదా? తొక్కలు పొట్లం కట్టి పొయ్యిలో పడేశాను. నీకెందుకే, ఒయాసిస్సూ?"

సెవ్దాకు చెవులు మండాయి. ఊరంతా ఒక్క పొద్దులో ఆ కోటను తగలబెట్టేసింది! శత్రువులు కూడా అంత త్వరగా కాల్చి ఉండరు. పొలం గట్టు జానెడు జరిగితే పెళ్లగించిన రాళ్లు పట్టుకుని పోట్లాడే మనుషులు, వాకిట్లోకి వచ్చిన మాటను చూడకుండానే బూడిద చేస్తారా?

"నాకెందుకా? చదువుల ఇంటి తాళంచెవి నీ నడుముకు ఎందుకుంది, పావ్లీనక్కా?" అంది. తన గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు.

ఇంటికి వచ్చి క్యాలెండర్‌ను మేకుతో సహా ఊడబీకింది. ఆకు గుచ్చే పాకలో, తన పీట పైన దూలానికి కొట్టింది. గానా లబోదిబోమంది. "ఇల్లు మునుగుతుందే!"

"రేపటిది నేను ముట్టుకోను అత్తయ్యా. కానీ ఏ రోజుది ఆ రోజు నేను పైకి చదివాకే ఎవరికైనా. లేకపోతే ఈ ఆకు ఇక్కడే కుళ్లిపోనివ్వండి, దబ్బనం పట్టను."

ఆకు వాడిపోతోంది. ముసలాయన కోడలి వైపు చూశాడు, కుప్ప వైపు చూశాడు.

మర్నాడు పొద్దున పాకలో బోర్లించిన గంప మీద, వేళ్ల మధ్య పొగాకు నలుపుతూ కూర్చున్నాడు. "కానియ్యవే తల్లీ, నోరు పీక్కుపోతోంది."

సెవ్దా తొందరపడలేదు. కాగితం మీద వేసిన సూర్యుడు పొడిచే వేళ దగ్గర మొదలుపెట్టి, కొత్త మాట, దాని అర్థం, తేనెటీగల సంగతి, అన్నీ అక్షరం వదలకుండా చదివింది. అప్పుడు చింపి ఇచ్చింది.

ఆయన చుట్టాడు గాని అంటించలేదు.

"ఇంతకీ ఆ కోట... పిల్లలున్నారన్నావట మీ అత్తతో. దక్కారా?"

"మీరే తాగేశారు కదా మావయ్యా," అంది సెవ్దా దబ్బనం అందుకుంటూ. "మీరే చెప్పండి."