చిలకల మంచం మీద కునుకు

మా అన్నయ్య మీద నాకు కోపం ఇప్పటికీ పోలేదు. అమ్మ పోయి ఏడాది తిరక్కుండానే, జగ్గయ్యపేటలో కట్టిన కొత్తింటి గదిలో పట్టదని అమ్మ పందిరి మంచం అమ్మేశాడు. తలవైపు రెండు చిలకలు చెక్కిన టేకు మంచం. అందులో ఒక చిలక ముక్కు చిన్నప్పుడు నేను విరగ్గొట్టిందే. చెప్పాపెట్టకుండా అమ్మేసి, "ఉన్నన్నాళ్లూ దాని మీద దొర్లావు కదే, ఇంకేంటి?" అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

మంచం ఎక్కడికి పోయిందో వెతుక్కుంటూ వెళ్లి, బజారు చివర అది కనబడిన పాతసామాన్ల కొట్లోనే పనికి చేరాను. పందొమ్మిది వందల అరవైలు అప్పుడే మొదలయ్యాయి. మా ఆయన లారీ మీద హైదరాబాదు, బెజవాడ తిరిగేవాడు. పగలంతా ఇంట్లో నేనొక్కదాన్నే. కొట్లో కర్రసామాను తుడిచి పాలిష్ పట్టడం నా పని.

కొట్టు యజమానిది బందరు. నేను బాబాయిగారూ అని పిలిచేదాన్ని. సముద్రపు గాలికి సామానంతా తుప్పు పట్టి పాడైపోతోందని, ఉన్నదంతా బళ్లకెత్తుకుని ఈ మెట్టప్రాంతానికి వచ్చేశారట. వచ్చారే గానీ ప్రాణమంతా ఆ ఒడ్డునే ఉండేది.

సరిహద్దు అవతల, హైదరాబాదు వైపు దొరల గడీల నుంచి గోడగడియారాలు, నిలువుటద్దాలు కొట్టుకు వచ్చేవి. ఏ గడియారాన్నీ సరిచేయనిచ్చేవారు కాదు. "అది ఏ ఇంట్లోంచి వచ్చిందో ఆ ఇంటి టైమమ్మాయ్, మనమెవరం మార్చడానికి?" అనేవారు. మధ్యాహ్నం భోజనం కాగానే అద్దాలన్నిటికీ గుడ్డలు కప్పేవారు, పాపం అవీ కాసేపు కళ్లు మూసుకోవాలని. వట్టివేళ్ల తడికల మీద నీళ్లు చల్లితే కొట్టంతా చల్లటి చీకటి. ఆ చీకట్లో గడియారాలు తలో మాటా మాట్లాడుతుంటే, అది ఏ పూటో, నేనున్నది ఏ ఊరో తెలిసేది కాదు.

మంచాల సంగతి మరీ విడ్డూరం. కొనడానికి వచ్చినవాళ్లు ఏ మంచం కావాలంటే దాని మీద ఓ కునుకు తీయాల్సిందే. బందరు నుంచి తెచ్చుకున్న పెద్ద శంఖాన్ని తలగడ పక్కన పెట్టి, "సముద్రం వినబడుద్ది, పడుకోండి" అనేవారు. లేచాక కల అడిగేవారు. తమవాళ్లెవరైనా కలలోకి వస్తేనే మంచం వాళ్లది. చందర్లపాడు పంతులమ్మకు చిన్నప్పుడే పోయిన చెల్లెలు వచ్చిందట, ఆవిడ మంచం పట్టుకుపోయింది. కంచికచర్ల షావుకారుకు ధాన్యం బస్తాలొచ్చాయట. ఆయన ఎంత గీపెట్టినా బాబాయిగారు వట్టి చేతులతో పంపేశారు.

నా గోడంతా విని, "పైసా వద్దమ్మాయ్. పడుకో. మీ అమ్మ కలలోకొస్తే పట్టుకుపో" అన్నారు.

అదే కదా నా బాధ! పోయిన దగ్గర్నుంచి అమ్మ ఒక్కసారి కూడా కలలోకి రాలేదు. ఆ మంచం మీదైతే వస్తుందని ఆశ. రోజూ మధ్యాహ్నం ఎక్కి పడుకునేదాన్ని. నిద్రేదీ? కళ్లు అలా పందిరికేసి చూస్తూనే ఉండేవి. చెవి పక్కన శంఖం హోరుమనేది. లేచాక బాబాయిగారు నన్నేమీ అడిగేవారు కాదు, నా మొహం చూస్తేనే తెలిసిపోయేది.

ఒకరోజు నందిగామ వైపు నుంచి ఓ రైతు వచ్చాడు. మిరపకాయలు అమ్ముకుని వచ్చాడేమో, మనిషంతా ఘాటు. వచ్చీ రావడంతోనే చిలకల మంచం కావాలన్నాడు. నిద్రపోవాలంటే పకపకా నవ్వి, తలపాగా తీసి పక్కన పెట్టి, ఒరిగీ ఒరగ్గానే గుర్రు పెట్టాడు. నేను పాలిష్ గుడ్డ పట్టుకుని గుడ్లప్పగించి చూస్తూ, వీడికి కల రాకూడదు దేవుడా అని మొక్కుకున్నాను.

లేచి కూర్చున్నాడు. మొహంలో ఇందాకటి నవ్వు లేదు.

"కలేమొచ్చిందండీ?" అన్నారు బాబాయిగారు.

"మా అమ్మొచ్చిందండీ," అన్నాడతను, తలపాగా కోసం తడుముకుంటూ. "నా పసితనంలోనే పోయింది. మొహం ఎట్టా ఉంటదో కూడా తెలీదు నాకు. ఇప్పుడు చూశా."

మా అమ్మ మంచం మీదికి వాళ్లమ్మ రావడమేంటి! బాబాయిగారు నావైపు చూశారు. నేను వద్దంటే ఇవ్వరు, నాకు తెలుసు. ఆ రైతు మాత్రం అక్కణ్ణించి లేవలేక, చిలక విరిగిన ముక్కును వేలితో మెల్లగా రాస్తూ కూర్చున్నాడు. ఇంకేమనను? నేనే వెళ్లి మంచం ఒక వైపు ఎత్తిపట్టాను. ముగ్గురం కలిసి బండికెక్కించాం.

లోపలికొచ్చి చూస్తే, మంచం ఉన్నచోట నాలుగు కాళ్ల గుర్తులే మిగిలాయి. ఆ గుర్తుల మధ్యే కూలబడి ఏడ్చాను. అన్నయ్యను తిట్టుకున్నాను, ఆ రైతును తిట్టుకున్నాను, రానందుకు అమ్మను కూడా తిట్టాను. ఏడ్చి ఏడ్చి అక్కడే ఒరిగిపోయాను.

కళ్లు తెరిచేసరికి తల పక్కన శంఖం ఉంది. బాబాయిగారు పీట వేసుకుని కూర్చుని విసనకర్రతో విసురుతున్నారు.

"కలేమొచ్చిందమ్మాయ్?"

"తిట్టిందండీ," అన్నాను. నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. "వట్టి నేల మీద పడుకున్నావేంటే, జలుబు చేస్తే నిన్నెవరు చూస్తారే, లే అని."