మద్దిలేటి సార్ వెతికిన కారు ఆట

మొన్న ఆదివారం మా అమ్మాయి తన హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు పెట్టింది. కొత్త ఆట ఏదో వచ్చిందట, ఒకసారి విని చూడమంది. కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఎడమ చెవి వెనక ఎక్కడో దూరంగా ఒక కారు ఇంజను మొదలైంది. అది దగ్గరకొచ్చి, నా తల మధ్యలోంచి వెళ్ళినట్టు వెళ్ళి, కుడివైపున సన్నగిల్లిపోయింది. బాగుందా అని అమ్మాయి అడుగుతోంది. దాదాపు ఇరవై ఏళ్ళ కిందట కర్నూలులో ఒక ప్రభుత్వ కార్యాలయం మెట్ల కింద ఉండిన చిన్న గది, ఆ గదిలో టెలిఫోన్ బోర్డు ముందు నిటారుగా కూర్చుని ఉండిన మద్దిలేటి సార్ కళ్ళ ముందుకొచ్చారు.

మద్దిలేటి సార్ ఆ కార్యాలయంలో టెలిఫోన్ ఆపరేటరు. ఐదో ఏట తట్టు పోసి ఆయనకు రెండు కళ్ళూ పోయాయి. పత్తికొండ వైపు పల్లె ఆయనది. ఫోను ఎత్తితే ఆకాశవాణిలో వార్తలు చదివినంత స్పష్టంగా మాట్లాడేవారు. రిసీవరు పెట్టేసిన మరుక్షణం మళ్ళీ పత్తికొండ మాటే. నేను అక్కడ కాంట్రాక్టు మీద డేటా ఎంట్రీ పనికి చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మాది బేతంచెర్ల. నాన్న నాపరాళ్ళు పాలిష్ చేసే మిషను దగ్గర పనిచేసేవాడు. నేను హాస్టల్లో ఉండేదాన్ని. నా బల్ల సార్ గది గుమ్మం పక్కనే వేశారు. ఎవరినైనా ఏదైనా అడగడమంటే నాకు భయం. బస్సులో కండక్టరు చిల్లర ఇవ్వడం మరిచిపోతే గుర్తు చేయలేక దిగిపోయిన మనిషిని నేను.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం డబ్బా మూసి ఆయన నన్ను పిలిచారు. హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేసే ఒక స్నేహితుడు, ఆయనకూ చూపు లేదు, ఫోనులో ఒక సంగతి చెప్పాడట.

“సరళా, కంప్యూటర్లో ఒక కారు పందెం ఆట ఉండాదంట. బొమ్మలుండవంట, అంతా శబ్దమేనంట. దాన్ని కొనాల” అన్నారు.

ఎవరికి సార్ అని అడిగాను. నాకే అన్నారు. సెలవు రోజుల్లో ఆయన అక్క కొడుకులిద్దరూ ఆయన్ను ఇంటర్నెట్ సెంటరుకు తీసుకుపోయేవారట. వాళ్ళు కారు ఆటలు ఆడుతుంటే పక్కన స్టూలు మీద కూర్చుని, గుద్దుకున్నప్పుడల్లా ఎవరు గుద్దారు, ఎవరు గెలిచారు అని అడుగుతూ ఉండేవారట.

“పక్కన కూర్చోని విని విని యాష్టకొచ్చిందమ్మా. ఒకసారన్నా నేను తోలాల” అన్నారు.

దాచకుండా చెబుతున్నాను, ఆ కోరిక నాకు కాస్త ఎక్కువే అనిపించింది. ఆఫీసు పనికి పనికొచ్చే సాఫ్ట్‌వేరు ఏదైనా అడిగి ఉంటే నాకు సబబుగా తోచేదేమో. దగ్గర దగ్గర యాభై ఏళ్ళ మనిషి, చూపు లేని మనిషి, ఆట కోసం అంగళ్ళ చుట్టూ తిరగడమేమిటనుకున్నాను. అయినా కాదనడం కూడా నాకు చేతకాదు గనుక సరేనన్నాను.

కర్నూలులో కంప్యూటర్లూ సీడీలూ అమ్మే అంగళ్ళన్నిటికీ ఆయన నాచేత ఒక జాబితా రాయించారు. ఫోనులో అడిగితే వెతకకుండానే లేదనేస్తారని, శనివారాలు మధ్యాహ్నం తర్వాత ఆయన నా మోచెయ్యి పట్టుకుని నడిచేవారు. కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల వీధుల్లో మేము ఎక్కని మెట్లు లేవు. తుపాకులతో కాల్చే ఆటలు, క్రికెట్టు ఆటలు, కాపీ కొట్టిన సీడీలు కుప్పలుగా ఉండేవి. బొమ్మలు లేని ఆట అనగానే అవతలివాళ్ళ మొహాలు మారిపోయేవి. కొందరు నవ్వేవారు. ఒక అంగడాయన సార్ పక్కనే నిలబడి ఉండగా ఆయన లేనట్టే నావైపు తిరిగి, ఈయనకెందుకు మేడమ్ గేమ్ అన్నాడు. నాకు నేలలోకి కుంగిపోయినట్టయింది.

“నాకెందుకనేది తరవాత మాట్లాడుకుందాం. నీ తావ ఉండాదా లేదా, అది చెప్పప్పా” అన్నారు సార్, మామూలు గొంతుతోనే.

ఇంటర్నెట్‌లో దించుకోవచ్చని హైదరాబాదు స్నేహితుడు చెప్పాడు. మూడు వారాలు అదీ ప్రయత్నించాం. సగం దాకా వచ్చి లైను తెగిపోయేది. మళ్ళీ మొదటినుంచి. ఎలాగో వచ్చినా, దాన్ని పూర్తిగా ఆడాలంటే క్రెడిట్ కార్డుతో కొనాలట. మా ఇద్దరి ఎరుకలో అలాంటి కార్డున్న మనిషే లేడు.

ఇక జాబితాలో నాలుగు అంగళ్ళు మిగిలాయి. ఒక శనివారం సార్‌కు జ్వరం. నన్ను ఒక్కదాన్నే పోయి అడిగి రమ్మన్నారు. నేను మొదటి అంగడి దాకా వెళ్ళాను. లోపల నా వయసు కుర్రవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. గుమ్మంలోనే ఆగి, వెనక్కి తిరిగి హాస్టలుకు వెళ్ళిపోయాను. సోమవారం, ఎక్కడా లేదు సార్ అని చెప్పాను. ఆయన తలాడించి ఊరుకున్నారు. బుధవారం నన్ను గదిలోకి పిలిచి కూర్చోమన్నారు.

“నువ్వు ఆ అంగళ్ళకు పోనే లేదు గదా” అన్నారు.

ఆయన ఎస్టీడీ బూత్ నుంచి ఆ నాలుగింటికీ ఫోను చేసి, శనివారం ఒక అమ్మాయి వచ్చి అడిగిందా అని కనుక్కున్నారట. నేను ఏడుపు ఆపుకుంటూ తల వంచుకున్నాను. తిడతారనుకున్నాను.

“సిగ్గయితే సిగ్గయిందని చెప్పమ్మా, ఏం తప్పు లేదు. లేదని మాత్రం చెప్పొద్దు. నువ్వు లేదంటే నేను జాబితాలో ఆ అంగడి పేరు కొట్టేస్తాను. అది ఆడనే ఉండొచ్చు గదా” అన్నారు.

అంతే. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. మరుసటి శనివారం నేనొక్కదాన్నే ఆ నాలుగు అంగళ్ళకూ వెళ్ళి అడిగాను. ఎక్కడా లేదు. ఆ లేదన్న మాట తెచ్చి ఆయనకు చెప్పినప్పుడు, వింతగా, నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

తర్వాత కడప. అక్కడ సీడీల వ్యాపారం చేసే ఒక శెట్టిగారు ఫోనులో, శబ్దంతో ఆడే ఆట మా దగ్గరుంది, రండి అన్నారు. ఆదివారం పొద్దున్నే మొదటి బస్సెక్కాం. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు దాటి కడప చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. దారి పొడుగునా సార్ కారు గేర్లు ఎలా మారుస్తారో బస్సు చప్పుడు విని నాకు వివరిస్తూ వచ్చారు. అంగట్లో శెట్టిగారు ఎంతో ఉత్సాహంగా సీడీ పెట్టారు. పిల్లల ఇంగ్లీషు పాటలు మొదలయ్యాయి. మధ్యమధ్యలో పిల్లి అరుపు వినిపించి, ఇది ఏ జంతువు అని అడుగుతోంది ఆ సీడీ.

నాకు కోపంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. శెట్టిగారికి తాను చేసిన పొరపాటు మా మొహాలు చూశాకే అర్థమైంది. సార్ మాత్రం కుర్చీ అడిగి కూర్చున్నారు. కారు ఎడమకు తిరిగితే ఏ చెవిలో ఎలా వినిపిస్తుందో, ఎదురుగా మలుపు ఉంటే ఎలా హెచ్చరిస్తుందో, స్నేహితుడు చెప్పినదంతా శెట్టిగారికి ఓపిగ్గా వివరించి, ఒక కాగితం మీద రాసి పెట్టుకోమన్నారు. శెట్టిగారు రాసుకున్నారు. మమ్మల్ని అన్నం తినకుండా పోనివ్వలేదు. తిరుగు బస్సులో, ఒక రోజంతా వృథా అయిపోయింది సార్ అన్నాను.

“వృథా ఎట్లయితాదమ్మా? నిన్నటి దాకా కడపలో ఉండాదేమో అనుకుంటిమి. ఈ పొద్దు లేదని తెలిసె” అన్నారు ఆయన, ఒక పని కొలిక్కి తెచ్చిన మనిషిలా.

ఆ వారమే ఆయన ఇంకో నిర్ణయానికొచ్చారు. అమ్మేవాళ్ళు దొరకనప్పుడు చేసినవాణ్ణే అడగాలన్నారు. ఆ ఆట తయారుచేసింది కెనడాలో ఒక్కడే మనిషి. అతని ఫోను నంబరు హైదరాబాదు స్నేహితుడు సంపాదించాడు. ఆఫీసు ఫోను సొంత పనికి ముట్టుకునేవారు కారు సార్. మూడు రోజులు నాచేత ఇంగ్లీషు వాక్యాలు సరిచేయించుకుని, ఒక పొద్దున బూత్‌కు తీసుకెళ్ళమన్నారు. నేను మాట్లాడనా అని అడిగితే వద్దన్నారు. తన పేరు, తన ఊరు చెప్పారు. తనకు కార్డు లేదని, బ్యాంకు డ్రాఫ్టు పంపుతానని, సీడీని పోస్టులో పంపమని అడిగారు. అడిగి ఊరుకున్నారు. అవతల చాలాసేపు చప్పుడు లేదు. మీటరు తిరిగిపోతోంది. ఇంకేమైనా చెప్పండి సార్, బతిమాలండి అని నేను లోలోపల కొట్టుకుంటున్నాను. ఆయన రిసీవరు చెవికి ఆనించుకుని, పెదాలు బిగించి, కదలకుండా కూర్చున్నారు. చివరికి అవతలి మనిషి ఒప్పుకున్నాడు.

నెలన్నర తర్వాత కవరు వచ్చింది. ఆయన దాన్ని నా బల్ల మీదే చించారు. సీడీ అంచు పట్టుకుని బయటికి తీసి, వేలు మెల్లగా తిప్పారు. ఒకచోట వేలు ఆగిపోయింది. దారిలో ఎక్కడో గట్టి దెబ్బ తగిలింది. మధ్య రంధ్రం నుంచి అంచు దాకా నిలువునా పగులు. ఆయన ఆ పగులు మీద వేలు అటూ ఇటూ మూడుసార్లు రాశారు. అంతకాలంలో ఆయన మొహం అలా పాలిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నేను ఇక చాలు సార్ అని నోటిదాకా వచ్చిన మాట ఆపుకున్నాను. బోర్డు మోగింది. ఆయన వెళ్ళి, ఎప్పటి గొంతుతోనే నమస్కారం చెప్పి, అడిగినవారికి లైను కలిపి, తిరిగొచ్చారు.

“ఇంకొకటి పంపమని అడుగుదాం. ఈసారి రెండు అట్టల నడుమ పెట్టి కట్టమని చెప్దాం” అన్నారు.

ఈసారి ఫోను నేనే చేశాను. ఆయన చేయమనలేదు, నేనే చేస్తానన్నాను. నా ఇంగ్లీషు తడబడింది. అడగాల్సింది అడిగి, నోరు మూసుకుని ఆగాను. ఆ కెనడా మనిషి డబ్బేమీ అక్కర్లేదని, మళ్ళీ పంపుతానని అన్నాడు.

అది క్షేమంగా చేరింది. ఒక ఆదివారం పొద్దున ఇంటర్నెట్ సెంటరులో, ఆయన మేనల్లుళ్ళు ఈసారి వెనక నిలబడితే, సార్ కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చున్నారు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. మాకేమీ వినపడదు, తెర మీద ఏమీ కనపడదు. ఆయన భుజాలు ఎడమకు వంగడం, కుడికి వంగడం, ఉలిక్కిపడడం మాత్రం కనిపించేది. మేనల్లుళ్ళు ఎవరు గుద్దారు మామా అని అడుగుతూనే ఉన్నారు. ఆయన జవాబు చెప్పే స్థితిలో లేరు. ఆ పందెంలో ఆయన అందరికంటే ఆఖరున వచ్చారు. హెడ్‌ఫోన్లు తీసి, చెమట తుడుచుకుని, శానా బాగుండాది, మళ్ళా పెట్టండి అన్నారు. ఆ రోజు పదకొండుసార్లు ఓడిపోయారు. నేనూ కళ్ళు మూసుకుని ఒకసారి ఆడాను. మొదటి మలుపులోనే గోడకు గుద్దాను.

బయటికొచ్చి టీ తాగుతుండగా ఆయన నావైపు తిరిగారు.

“నాకు కావల్సింది వచ్చింది. నీకేం కావాలో చెప్పు. దాని ఎనకాల పడదాం.”

నాకేమీ వద్దు సార్ అన్నాను. అలవాటుగా వచ్చిన మాట.

“ఏమీ వద్దనే మనిషిని నేనింతవరకూ చూడలేదమ్మా. నిదానంగా ఆలోచించి చెప్పు” అన్నారు.

ఎనిమిది రోజులు పట్టింది. కాంట్రాక్టు అయిపోతే బేతంచెర్ల వెళ్ళిపోవడమే అని ఇంట్లో అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకుంటున్నానని అనుకున్నాను. తొమ్మిదో రోజు ఆయన గది గుమ్మంలో నిలబడి, ఎంసీయే చదవాలని ఉంది సార్ అన్నాను. ఆయన నవ్వలేదు, మెచ్చుకోలేదు. కాగితం తీసి కాలేజీల పేర్లు రాయమన్నారు. ఆ సాయంత్రమే బూత్‌లో కూర్చుని మొదటి కాలేజీకి నాచేతే ఫోను చేయించారు. నాన్నను అడగడం అన్నిటికంటే కష్టమైంది. మిషను ఆపి వచ్చి, తెల్లటి రాతిపొడి నిండిన చేతులతో నాన్న నా ఎదుట నిలబడ్డాడు. నేను అడిగి ఆగాను. నాన్న చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. తర్వాత, సరే పో అన్నాడు.

మద్దిలేటి సార్ రిటైరై పత్తికొండ వైపు వెళ్ళిపోయారు. ఆయన చనిపోయి నాలుగేళ్ళయింది. నేనిప్పుడు కర్నూలులోనే ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ప్రతి ఏడూ ఎవరో ఒక అమ్మాయి నా గది గుమ్మం దాకా వచ్చి, చున్నీ కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడుతుంది. ఏం కావాలమ్మా అంటే, ఏమీ లేదు మేడమ్ అని వెనక్కి తిరుగుతుంది. మా తోటి లెక్చరర్లు, ఏమీ లేదంటే పంపించెయ్యక ఎందుకు కూర్చోబెడతావంటారు. నేను లేచి వెళ్ళి, ఆ అమ్మాయిని కుర్చీలో కూర్చోబెడతాను. చేతిలో పని పక్కన పెట్టి, తను నోరు విప్పేదాకా ఊరికే ఎదురుగా కూర్చుంటాను. ఒక్కోసారి గంట కొట్టేస్తారు. అయినా లేవను.